షిప్పు మీద సంగీతం కొలువు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

క్రూజ్ షిప్పుల్లో వాయిద్యం వాయించే ఉద్యోగాల గురించి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవే ఎక్కువ. ఒకే ప్రశ్న పదిమంది అడిగినచోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాం. పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ డిప్లొమా చివరి ఏడాదిలో ఉన్నాను. షిప్పులో వాయించాలని ఉంది. "మన సంగీతం అక్కడెవరు వింటారు?" అంటున్నారు ఇంట్లో. నాకు అవకాశం ఉందా?
(విద్యార్థిని, విజయనగరం)

ఉంది. కానీ ఇప్పుడున్న విద్యతో నేరుగా కాదు. ఇంకో ఏడాది, ఏడాదిన్నర వేరే సాధన పెట్టుకోవాలి. మీ ఇంట్లోవాళ్ల మాట సగం నిజం. కచేరీ పద్ధతిలో రాగం, తానం, పల్లవి వినడానికి షిప్పు ఎక్కేవాళ్లు దాదాపు ఉండరు. వయొలిన్ వాళ్లను అక్కడ తీసుకునేది మూడు రకాల పనులకు: ఇద్దరు, ముగ్గురు లేదా నలుగురు కూర్చుని పాశ్చాత్య శాస్త్రీయ రచనలు, సినిమా బాణీలు వాయించే తీగవాద్య బృందం, ట్రాక్ పెట్టుకుని ఒక్కరే వాయించే ఎలక్ట్రిక్ వయొలిన్, అప్పుడప్పుడు థియేటర్ షో. మొదటిదానికే ఎక్కువ మంది కావాలి.

మీ కళాశాల 1919లో మొదలైంది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన చోటు అది. కాబట్టి కమాను పట్టు, నాదం గురించి మీకు మేం చెప్పక్కర్లేదు. మారాల్సినవి వేరే ఉన్నాయి.

మొదటిది శ్రుతి చేయడం. మీ తీగలు కింది నుంచి పైకి స, ప, స, ప. అక్కడ జీ, డీ, ఏ, ఈ. తేడా మధ్యలోనే వస్తుంది. మీరు కింది నుంచి రెండో తీగ మీద ప, ద, ని వాయించి పక్క తీగ షడ్జంలోకి వెళ్తారు. అక్కడ డీ తీగ మీద నాలుగు స్వరాలు అయితేగాని పక్కనున్న ఏ తీగ రాదు. ఏళ్ల తరబడి అలవాటైన వేళ్లు ఇక్కడే తడబడతాయి. ఒకే వయొలిన్‌ను పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా శ్రుతి చేస్తే తీగలు నిలవవు, బ్రిడ్జి వాలిపోతుంది. అందుకని రెండో వయొలిన్ తప్పదు. విద్యార్థుల రకం చాలు, కానీ అది ఎప్పుడూ జీ, డీ, ఏ, ఈలోనే ఉండాలి.

రెండోది కూర్చునే తీరు. బాసింపట్టు వేసుకుని తలభాగాన్ని పాదం మీద ఆనించి వాయిస్తే ఎడమ చెయ్యి ఖాళీగా ఉండి తీగ పొడవునా జారుతుంది. గడ్డం కింద పట్టుకున్నప్పుడు ఆ చెయ్యే వాయిద్యానికి కొంత ఆసరా ఇవ్వాలి. షోల్డర్ రెస్ట్ కొనుక్కోండి. మొదటి వారాల్లో రోజుకు పావుగంట మించొద్దు. మెడ, ఎడమ భుజం పట్టేస్తే గడ్డం గట్టిగా నొక్కుతున్నారన్నమాట.

మూడోది గమకం. తీగవాద్య బృందంలో మీ స్వరం మిగతా ముగ్గురి స్వరాలతో కలిసి ఒక కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల కలయిక) అవుతుంది. అందులో గాంధారాన్ని ఊపితే మీకు రాగంలా వినిపించేది వాళ్లకు అపశ్రుతిలా వినిపిస్తుంది. ముందు స్వరాన్ని నిటారుగా నిలపడం రావాలి, ఆ తర్వాతే వైబ్రాటో, అంటే స్వరాన్ని సన్నగా వణికించడం. సరళీ వరసలు, జంట వరసలు గమకం లేకుండా మెట్రోనోమ్ పెట్టుకుని వాయించండి. చప్పగా ఉంటుంది. అయినా తప్పదు.

మీకు కలిసొచ్చేదీ ఉంది. ధీరశంకరాభరణమే వాళ్ల మేజర్ స్కేలు. నటభైరవి నేచురల్ మైనర్, కీరవాణి హార్మోనిక్ మైనర్. హరికాంభోజి మిక్సొలీడియన్, ఖరహరప్రియ డోరియన్, మేచకల్యాణి లీడియన్. మోహనం వాళ్ల మేజర్ పెంటాటోనిక్. స్వరస్థానాలు మీకు కొత్తవి కావు. షడ్జం ఎక్కడైనా పెట్టుకోవచ్చన్న మన అలవాటే అక్కడ అడ్డం వస్తుంది. ఒకటి శ్రుతి అంటే సీ, ఒకటిన్నర సీ షార్ప్, రెండు డీ, రెండున్నర డీ షార్ప్ (ఈ ఫ్లాట్ అన్నా ఇదే), మూడు ఈ, నాలుగు ఎఫ్, నాలుగున్నర ఎఫ్ షార్ప్, ఐదు జీ. ఇది నోటికి వచ్చేదాకా వల్లె వేయండి. "ఈ ఫ్లాట్‌లో వాయించు" అంటే చెయ్యి వెంటనే రెండున్నర మీదికి పోవాలి.

ఇవన్నీ ఒక ఎత్తు, స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) చదవడం ఒక ఎత్తు. ఎంత బాగా వాయించేవాళ్లయినా ఉద్యోగం పోగొట్టుకునేది ఇక్కడే. మధ్యాహ్నం చేతికిచ్చిన కాగితాన్ని రాత్రికి ప్రేక్షకుల ముందు వాయించాలి, కొన్నిసార్లు రిహార్సల్ ఒక్కటే. రోజూ ఇరవై నిమిషాలు, ఎన్నడూ చూడని పేజీ తీసుకోండి. ముందు అరనిమిషం కళ్లతోనే చూడండి: కీ సిగ్నేచర్, తాళం, వెనక్కి మళ్లే గుర్తులు, బాగా చిక్కుగా ఉన్న ఒక్క చోటు. తర్వాత నిమిషానికి 60 దెబ్బల వేగంతో మొదలుపెట్టి చివరిదాకా ఆగకండి. తప్పు పోయినా వెనక్కి వెళ్లొద్దు. బృందం మీకోసం ఆగదు, అందుకే ఆగకుండా వాయించడమే ఒక విద్య. ఒకసారి వాయించిన పేజీ మళ్లీ వాయిస్తే అది వేరే సాధన, దీని లెక్కలోకి రాదు.

ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎం అనే బ్రిటిష్ సంస్థల సంగీత పరీక్షలు మన దేశంలోనూ జరుగుతాయి. వాటి సర్టిఫికెట్ అడిగే కంపెనీ అరుదు. కానీ వాటి సైట్ రీడింగ్ (చూడని కాగితాన్ని చూస్తూనే వాయించడం) పుస్తకాలు మెట్టు మెట్టుగా ఉంటాయి. ఆరో గ్రేడ్ పుస్తకంలోని పేజీ మొదటిసారికే తడబడకుండా వస్తే అప్పుడు వీడియో పంపే ఆలోచన చేయండి.

ప్రశ్న: పెళ్లిళ్ల బ్యాండ్ మేళంలో పన్నెండేళ్లుగా ట్రంపెట్ వాయిస్తున్నాను. పాట ఒకసారి వింటే పట్టేస్తాను, కాగితం చూసి వాయించడం రాదు.
(పలాస)

వినికిడి మీకు పెద్ద పెట్టుబడి. ఊరేగింపులో మూడు గంటలు ఊదే పెదవి బలం కూడా అంతే. షిప్పు థియేటర్‌లో ఉండే షో బ్యాండ్‌లో ట్రంపెట్, శాక్సొఫోన్, ట్రాంబోన్ ఉంటాయి. కాగితం రాకపోతే మాత్రం ఆ గుమ్మం దాటలేరు.

మీ ట్రంపెట్ బీ ఫ్లాట్ వాయిద్యం. కాగితం మీద సీ చూసి ఊదితే బయటికి వచ్చేది బీ ఫ్లాట్. షోకి ఇచ్చే కాగితం ట్రంపెట్‌కు మార్చి రాసిందే కాబట్టి అక్కడ చిక్కు లేదు. చిక్కంతా గాయని స్టేజీ మీద "ఎఫ్‌లో" అన్నప్పుడు. మీరు జీలో ఊదాలి, అంటే ఎప్పుడూ ఒక పూర్తి స్వరం పైకి. ఆల్టో శాక్సొఫోన్ ఈ ఫ్లాట్ వాయిద్యం కాబట్టి వాళ్ల లెక్క వేరు.

వీధిలో వాయించే గట్టితనం హాల్లో పనికిరాదు. మెల్లగా ఊదుతూ స్వరం పగలకుండా నిలపడం మళ్లీ నేర్చుకోవాలి. స్ట్రెయిట్, కప్, హార్మన్, ప్లంజర్ మ్యూట్లు (ట్రంపెట్ నోటికి పెట్టి నాదం మార్చే మూతలు) నాలుగూ కొనండి, షో కాగితాల్లో వాటి పేర్లు రాసి ఉంటాయి. చెవిలో క్లిక్ (లయ చూపే టిక్ టిక్ శబ్దం) మోగుతుంటే వాయించడం కూడా ఇప్పుడే అలవాటు చేసుకోండి. చాలా షోలు ముందే రికార్డు చేసిన ట్రాక్‌తో కలిసి నడుస్తాయి, క్లిక్ తప్పితే లైట్లు ఒకచోట, బ్యాండ్ ఒకచోట. శాక్సొఫోన్ వాయించే మిత్రులకు ఒక మాట: ఫ్లూట్, క్లారినెట్ కూడా వస్తేనే మీ దరఖాస్తుకు బరువు. మన మేళాల్లో క్లారినెట్ ఉంది కాబట్టి సగం దారి వచ్చేసినట్టే.

ప్రశ్న: ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ ప్లేయర్‌ని. రెండు వేల సినిమా పాటలు వచ్చు. పియానో బార్‌కు సరిపోతానా?
(రాజాం)

మీ కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ బటన్ ఒక నెలపాటు ముట్టుకోకుండా ఉండి చూడండి. గ్రాండ్ పియానోకు ఆ బటన్ లేదు, స్టైల్, రిథమ్ కూడా లేవు. ఎడమ చెయ్యి బాస్, కార్డ్ రెండూ మొయ్యాలి. పన్నెండు శ్రుతుల్లోనూ 1, 4, 5, 6 కార్డులు కళ్లు మూసుకుని రావాలి. పాటలు రెండు వేలు వచ్చినా అక్కడ అడిగేవి వేరు: 1950ల నుంచి నేటిదాకా ఇంగ్లిష్ పాటలు, జాజ్ పాతపాటలు, కొన్ని లాటిన్ బాణీలు. రెండొందలు కాగితం చూడకుండా వస్తే మొదలుపెట్టవచ్చు. పియానో బార్‌లో పాడాలి కూడా. పాడనివారు షో బ్యాండ్‌కో, డ్యాన్స్ బ్యాండ్‌కో ప్రయత్నించాలి.

ప్రశ్న: మా అబ్బాయి డ్రమ్స్ వాయిస్తాడు. ఒక ఏజెంటు నాలుగు లక్షలిస్తే షిప్పులో పని ఇప్పిస్తానంటున్నాడు. ముందు విజిట్ వీసా మీద వెళ్లి, హోటల్ పనిలో చేరి, తర్వాత బ్యాండ్‌లోకి మారవచ్చంటున్నాడు. నమ్మవచ్చా?
(తండ్రి, కంచిలి)

వద్దు. రూపాయి కూడా ఇవ్వకండి. సముద్ర కార్మికుల ఒప్పందం, ఎంఎల్‌సీ 2006, ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు ఓడ కార్మికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదు. మన దేశం దాన్ని 2015లో ఆమోదించింది. మీరు పెట్టుకోవాల్సినవి పాస్‌పోర్టు, ఓడ కార్మికుడి పుస్తకం, వైద్య పరీక్ష ఖర్చులే. శిక్షణ కోర్సుల ఫీజు శిక్షణ సంస్థకు కడతారు, ఏజెంటుకు కాదు. వీసా ఖర్చు ఓడ యజమానిది.

రెండో అబద్ధం వీసాలో ఉంది. ఓడలో పనిచేసేవాళ్లు విజిట్ వీసా మీద వెళ్లరు. అమెరికా రేవుల్లో ఎక్కేవారికి సీ1/డీ అనే ప్రత్యేక వీసా ఉంటుంది. దానికి కంపెనీ ఉత్తరం కావాలి, మన వాళ్లకు ఇంటర్వ్యూ హైదరాబాద్ కాన్సులేట్‌లో. మూడో అబద్ధం మారడం. హోటల్ విభాగానికి, సంగీత విభాగానికి నియామకాలు వేరు వేరు. వడ్డన చేసేవాడు బ్యాండ్‌లోకి జరిగిపోయే దారి ఉంటుందని లెక్క వేసుకోవద్దు.

ఏజెంటును అడగాల్సింది ఒక్కటే: ఆర్‌పీఎస్‌ఎల్ నంబర్. భారతీయులను ఓడల్లోకి తీసుకునే ఏజెన్సీకి డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చే లైసెన్సు అది. నంబర్ చెప్పగానే సరిపోదు. ఆ శాఖ సైట్‌లో జాబితా తెరిచి, పేరు, చిరునామా, గడువు తేదీ మూడూ సరిపోల్చండి. వేరే ఏజెన్సీ నంబరు తమదని చెప్పుకునేవాళ్లున్నారు. ఒక విషయం గుర్తుపెట్టుకోండి: డ్రమ్స్ వాయించడం చూడకుండా, వీడియో అడగకుండా ఉద్యోగం ఖాయం అన్నారంటే అక్కడ ఉద్యోగమే లేదు.

ప్రశ్న: కాగితాలు ఏ వరుసలో చేయించుకోవాలి?
(నరసన్నపేట, చీపురుపల్లి, ఆమదాలవలస నుంచి పలువురు)

ముందు పాస్‌పోర్టు. మన పదో తరగతి సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక్క అక్షరంగానే ఉంటుంది చాలామందికి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, సొంతపేరు వేరే గడిలో పడేలా చూసుకోండి. సొంతపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో ఆ చోట "ఎఫ్ఎన్‌యూ" (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే సొంతపేరు తెలియదు) అని అచ్చవుతుంది. ఆ తర్వాత విమానం టికెట్, ఒప్పందం, బ్యాంకు ఖాతా దేనికదే వేరే పేరుతో తయారవుతాయి.

తర్వాత ఇండోస్ నంబర్ (ఓడ కార్మికుడికి షిప్పింగ్ శాఖ ఇచ్చే గుర్తింపు సంఖ్య), ఆ వెంటే ఎస్‌టీసీడబ్ల్యూ (ఓడ సిబ్బంది శిక్షణకు అంతర్జాతీయ ప్రమాణం) ప్రాథమిక కోర్సులు: నీళ్లలో ప్రాణరక్షణ, మంటలార్పడం, ప్రథమ చికిత్స, వ్యక్తిగత భద్రత. వీటికి తోడు ఓడ భద్రత కోర్సు ఉంటుంది. ప్రాణరక్షణ కోర్సులో లైఫ్ జాకెట్ వేసుకుని నీళ్లలో దూకి, తిరగబడ్డ లైఫ్‌రాఫ్టును సరిచేసి ఎక్కాలి. ఈత రానివాళ్లు భయపడేది ఇక్కడే, ముందు కొన్నాళ్లు కొలనులో అలవాటు పడితే మేలు. శిక్షణ సంస్థకు షిప్పింగ్ శాఖ ఆమోదం ఉందో లేదో అదే సైట్‌లో చూడండి. కోర్సులయ్యాక సీడీసీ, అంటే ఓడ కార్మికుడి పుస్తకం.

చివరికి వైద్య పరీక్ష. షిప్పింగ్ శాఖ ఆమోదించిన డాక్టరే చేయాలి, సర్టిఫికెట్ రెండేళ్లకు మించి చెల్లదు. దక్షిణ అమెరికా, ఆఫ్రికా రేవులకు వెళ్లే ఓడ అయితే ఎల్లో ఫీవర్ టీకా అడుగుతారు. టీకా వేసిన పది రోజులకు గాని సర్టిఫికెట్ చెల్లదు కాబట్టి చివరి వారందాకా ఆగొద్దు.

మా సలహా: పాస్‌పోర్టు ఇప్పుడే చేయించండి, మిగతావి ఆఫర్ చేతికొచ్చాక. సంగీతకారుల నుంచి ఏమేం కావాలో కంపెనీని బట్టి మారుతుంది, కొందరు భద్రతా శిక్షణ ఓడ మీదే ఇస్తారు. పైగా ప్రాణరక్షణ, మంటలార్పడం కోర్సులను ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఉద్యోగం రాకుండానే ఆ గడియారం తిరగడం మొదలవుతుంది.

ప్రశ్న: ఆడిషన్ వీడియో ఎలా తీయాలి?
(బొబ్బిలి)

ఎడిటింగ్ లేకుండా ఒకే షాట్. ముఖం, రెండు చేతులు కనపడాలి. మూడు నాలుగు రకాల పాటలు, ఒక్కోటి ఒకటిన్నర నిమిషం చాలు: ఒకటి నెమ్మది, ఒకటి వేగం, ఒకటి స్వింగ్, ఒకటి లాటిన్. ఫోను మైక్ గది ప్రతిధ్వనిని పట్టేస్తుంది. బట్టలున్న బీరువా, పరుపు ఉన్న గది ఖాళీ హాలు కంటే నయం. కోటు, బూట్లు వేసుకోండి, షిప్పులో రోజూ వేసుకోవాల్సినవే. దీనితో పాటు మీకు వచ్చిన పాటల జాబితా పంపాలి. అందులో రానివి రాయకండి. తర్వాతి మెట్టు ఆన్‌లైన్ ఇంటర్వ్యూ, అక్కడ అప్పటికప్పుడు పంపిన కాగితం వాయించమంటారు. ఆ జాబితాలోంచే ఏదో ఒకటి అడుగుతారు కూడా.

ప్రశ్న: నిజంగా ప్రపంచం చూస్తామా, లేక ఓడ లోపలే గడిచిపోతుందా?
(టెక్కలి)

రెండూ. కరీబియన్‌లో వారం యాత్ర చేసే ఓడ అవే నాలుగైదు రేవులను ఆరు నెలలూ చుడుతూ ఉంటుంది. యూరప్ మధ్యధరా ఎండాకాలంలో, అలాస్కా మే నుంచి సెప్టెంబర్ దాకా, చలికాలంలో ఓడలు వెచ్చని నీళ్లకు మళ్లుతాయి. ఈ మళ్లింపు యాత్ర మీ ఒప్పందంలో పడితే ఒకే విడతలో రెండు ఖండాలు చూస్తారు. రేవుల జాబితా చూశాకే ఒప్పందం మీద సంతకం పెట్టండి.

సంగీతకారులకు పని ఎక్కువగా సాయంత్రం, రాత్రి. లాంజ్‌లో వాయించేవాళ్లకు 45 నిమిషాల విడతలు నాలుగైదు ఉండటం మామూలు. పగలు రేవులో దిగే వీలు మిగతా సిబ్బంది కంటే వీళ్లకే ఎక్కువ. ఐతే ప్రతి రేవులోనూ కొంతమంది సిబ్బంది ఓడ మీదే ఉండి తీరాలి. ఆ వంతు మీకూ వస్తుంది. అత్యవసర విన్యాసాల్లో సంగీతకారుడికీ ఒక స్థానం ఉంటుంది, ప్రయాణికులకు లైఫ్ జాకెట్ వేయించడమో, మెట్ల దగ్గర దారి చూపడమో. దానికి రాకపోతే వాయిద్యం ఎంత బాగున్నా క్షమించరు. విశ్రాంతి ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు ఉండాలన్నది నిబంధన.

సిబ్బంది తిరిగి ఎక్కాల్సిన టైము ప్రయాణికులకు చెప్పిన దానికంటే ముందే ఉంటుంది. తప్పితే ఓడ ఆగదు, తర్వాతి రేవుకు చేరే ఖర్చు మీ నెత్తినే.

ప్రశ్న: నా బొబ్బిలి వీణ తీసుకెళ్లవచ్చా? వాయిద్యాల విషయంలో ఏం జాగ్రత్తలు?
(బొబ్బిలి)

వీణకు నెలజీతం ఉద్యోగం దొరకడం కష్టం. అతిథి కళాకారిణిగా ఒకటి రెండు ప్రదర్శనలకు పిలిస్తే వేరే సంగతి. అప్పుడు కూడా రెండు భయాలు. వీణ మెట్లు మైనంలో కూర్చుంటాయి. ఎండలో రన్‌వే మీద ఆగిన పెట్టెలో మైనం మెత్తబడి మెట్లు జరుగుతాయి, షిప్పు ఏసీలో పనస కొయ్య ఎండి బీటలు వారుతుంది. పెట్టెలో తేమ అందించే ప్యాకెట్ పెట్టి 45–55 శాతం మధ్య ఉంచండి. వయొలిన్‌కూ ఇదే సూత్రం.

రెండోది అలంకారం. పాత వీణల మీద ఏనుగు దంతం, జింక కొమ్ము పొదిగి ఉంటే దేశం దాటించే ఆలోచనే వద్దు. రోజ్‌వుడ్ భాగాల మీద 2017లో వచ్చిన అంతర్జాతీయ ఆంక్షను, తయారైన వాయిద్యాల వరకు 2019 చివర్లో సడలించారు. మృదంగం, డోలు లాంటి తోలు వాయిద్యాలను ఆస్ట్రేలియా రేవుల్లో తప్పనిసరిగా చూపించాలి. విలువైన వాయిద్యానికి బయల్దేరేటప్పుడే విమానాశ్రయం కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. అది లేకపోతే తిరిగొచ్చేటప్పుడు విదేశంలో కొన్నారనుకుని సుంకం అడగవచ్చు.

ప్రశ్న: జీతం, పన్ను?
(విజయనగరం)

కొత్తవారికి నెలకు 2,000 డాలర్ల చుట్టుపక్కల మొదలవడం మామూలు. వాయిద్యం, కంపెనీ, అనుభవాన్ని బట్టి పెరుగుతుంది. తిండి, క్యాబిన్ ఉచితం, క్యాబిన్‌లో ఇద్దరు. ఇంటర్నెట్‌కు మాత్రం చాలా చోట్ల డబ్బు కట్టాలి.

పన్ను తేలేది మీరు దేశంలో ఎన్ని రోజులున్నారన్న దాని మీద. ఆర్థిక సంవత్సరంలో 182 రోజుల కంటే తక్కువ ఉంటే ప్రవాసిగా లెక్క. ప్రవాస ఓడ కార్మికుడు విదేశీ ఓడలో సంపాదించిన జీతం ఎన్‌ఆర్‌ఈ (ప్రవాసుల బ్యాంకు) ఖాతాలో పడితే పన్ను పడదని ఆదాయపు పన్ను బోర్డు 2017 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. ఆరు నెలల ఒప్పందం నవంబర్‌లో మొదలై మార్చి దాటితే రోజులు రెండు ఆర్థిక సంవత్సరాల మధ్య చీలిపోతాయి. ఎక్కిన తేదీ, దిగిన తేదీ సీడీసీలో ముద్ర పడ్డాయో లేదో ఓడ దిగేలోపే చూసుకోండి.

ప్రశ్న: సామాన్లలో ఏం పెట్టుకోవచ్చు? మా అమ్మ రైస్ కుక్కర్ పెడతానంటోంది.
(సాలూరు)

కుక్కర్, ఇస్త్రీ పెట్టె, వాటర్ హీటర్ మూడూ తనిఖీలో తీసేస్తారు, మంటల భయం వల్ల. సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా అంతే. మీ యాంప్, పెడళ్ల అడాప్టర్ మీద 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని రాసి ఉందో చూడండి. 220 మాత్రమే ఉంటే అమెరికా తరహా 110 సాకెట్‌లో పని చేయదు. రెండు సెట్ల తీగలు, రోజిన్, రీడ్లు, మీ చెవికి సరిపోయే ఇన్-ఇయర్ హెడ్‌ఫోన్లు ఇక్కడే కొనుక్కోండి, మధ్యలో రేవుల్లో వెతుక్కునే టైము ఉండదు. అమ్మ పెట్టే ఆవకాయ సీసా గట్టి మూత వేసి చెక్-ఇన్ సామానులో వేయండి. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ రేవుల్లో దాన్ని కూడా రాసి చూపించాల్సిందే.